పియెజో గిటారు – యాంప్లిఫయరు: పొందిక కుదుర్చుట

"గిటారు మంచిదే, యాంప్లిఫయరును మంచిదే, రెంటిని కలిపినచో మాత్రము రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్లున్నది" అని వాపోవు యువకులు నేడు పట్టణములయందే కాక పల్లెలయందును కనబడుచున్నారు. దొనకొండ, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో గిటారు చేపట్టినవారికి ఈ చిక్కు మఱింత బాధాకరము. చర్చి ఆరాధనకైనను, పెండ్లి పందిరికైనను, పాఠశాల వార్షికోత్సవమునకైనను వారికి చేతికందునది ఊరి మైకుసెట్టు. అది ఉపన్యాసముల కొఱకును, పాటల కొఱకును ఏర్పడిన సాధనము. గిటారు విషయము తెలిసినవారిని అడుగుదమన్నచో గుంటూరు–గుంతకల్లు మార్గమున రైలెక్కి పెద్ద ఊరికి పోవలెను. అంతదూరము పోయినను "ఇంకొక యాంప్లిఫయరు కొనుడు" అను సలహాయే దొరకవచ్చును. కష్టార్జితము వెచ్చించి దానిని కొనితెచ్చిన పిదపగూడ అదే రేకుడబ్బా మ్రోత వినబడినచో ఆ కుటుంబమునకు కలుగు నిరాశ యింతంత కాదు.

ఇట్టి సందర్భములలో లోపము చాలవఱకు గిటారులో ఉండదు, యాంప్లిఫయరులోను ఉండదు. రెంటిని కలిపిన తీరులో ఉండును. ఆ తీరు ఎట్లుండవలెనో, ఏల అట్లుండవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. ఇందు తెలిసికొనవలసిన శాస్త్రము స్వల్పము. ఒకప్పుడు రేడియో వెనుక గ్రామఫోను తగిలించి పాటలు విన్న ఇండ్లవారికి అది బొత్తిగా క్రొత్తదియును కాదు.

మొదట గిటారు చెవులను గూర్చి చెప్పుకొందము. తీగ కంపనమును విద్యుత్తుగా మార్చు పరికరమునకు పికప్ అని పేరు. 1930 ప్రాంతమున అమెరికాలో పుట్టిన ఎలక్ట్రిక్ గిటారులో ఉన్నది అయస్కాంతపు పికప్. అయస్కాంతము చుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగయే అది. దాని మీద ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించి, రాగిచుట్లలో విద్యుత్తు పుట్టును. ఈ చెవికి ఉక్కు కదలిక మాత్రమే తెలియును. కొయ్య పలికిన పలుకు దానికి దాదాపు వినబడదు. నైలాను తీగ ఎంత మీటినను అది మౌనముగనే ఉండును.

రెండవ చెవి పియెజో పికప్. దానికి అయస్కాంతముతో పనిలేదు. అది ఒత్తిడిని వినును. వీణయందు తీగలను మోయు మెట్టును మనవారు గుఱ్ఱము అందురు; గిటారులో దానిని బ్రిడ్జి అందురు. ఆ బ్రిడ్జి మీద తీగ ఆనుకొను సన్నని ముక్కకు ఆంగ్లమున శాడిల్, అనగా జీను, అని పేరు. గుఱ్ఱమునకు జీను ఉండుట న్యాయమే కదా! ఆ జీను క్రిందనో, జీనులోపలనో పియెజో పలుకును అమర్తురు. తీగ కంపించినపుడెల్ల జీను మీద ఒత్తిడి పెరుగుచు తరుగుచుండును. ఆ హెచ్చుతగ్గులే విద్యుత్తుగా వెలువడును. తీగతోపాటు కొయ్య పలుకును కొంత ఇందు చేరును. అందువలననే ఎలక్ట్రిక్ గిటారుకు గూడ ఈ రెండవ చెవిని అమర్చి, ఒకే వాద్యమున రెండు గొంతులు పలికించు ఆచారము వచ్చినది.

ఈ పియెజో గుణము ఎక్కడిది? మన మెట్టచేలలో కాళ్ళకు తగులు పలుగురాయి అందఱకును తెలిసినదే. శుద్ధమైన పలుగు స్ఫటికమును తగిన దిశలో ఒత్తినచో దాని ముఖముల మీద విద్యుదావేశము పొడసూపునని 1880లో పారిస్ నగరమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ అను సోదరులు కనుగొనిరి. పిదప రోషెల్ లవణమను స్ఫటికములో ఈ గుణము మిక్కుటముగా ఉన్నదని గ్రహించి, దానితో గ్రామఫోను పికప్పులను, మైకులను చేసిరి. అది ఎండకు, చెమ్మకు ఓర్వలేని పదార్థము. కనుకనే వేసవి గడచునప్పటికి గ్రామఫోను పికప్ మూగవోవుట ఆనాటి ఇండ్లలో పరిపాటిగా ఉండెడిది. 1950ల దశకమునుండి సీసము, జిర్కోనియము, టైటానియము కలిసిన పింగాణివంటి పదార్థము వాడుకలోనికి వచ్చినది. నేటి గిటారు పికప్పులలో పెక్కింటియందు ఉన్నది ఇదియే.

ఈ పదార్థపు శక్తిని ప్రతి గృహిణియు దినమునకు రెండు మూడు మార్లు చూచుచునే యున్నది. గ్యాసుపొయ్యి వెలిగించు లైటరును నొక్కినపుడు టక్కుమని రవ్వ లేచును. అందులో బ్యాటరీ లేదు. చిన్న సుత్తి పియెజో ముక్కను కొట్టును. ఆ దెబ్బకు వేలకొలది వోల్టులు పుట్టును. వేల వోల్టులన్నచో మనిషి ప్రాణము పోవలెను గదా అని అడుగవచ్చును. పోదు, ఏలయన అక్కడ వోల్టులు హెచ్చే కాని విద్యుదావేశపు పరిమాణము అత్యల్పము. ఎత్తైన కొండ మీద ఉద్ధరిణెడు నీరున్నట్లు అనుకొనుడు. ఎత్తు ఉన్నది, నీరు లేదు. ఈ ఒక్క సంగతిని మనసున నిలుపుకొన్నచో గిటారు చిక్కు అంతయు విడిపోవును.

పియెజో పలుకు విద్యుత్పరిభాషలో ఒక చిన్న కండెన్సరు. దానిని యాంప్లిఫయరుకు తగిలించినపుడు యాంప్లిఫయరు ప్రవేశద్వారము ఆ స్వల్పావేశమును కొంత కొంతగా జారవిడుచును. ఎంత వేగముగా జారవిడుచునో తెలుపునది ఇన్‌పుట్ ఇంపీడెన్సు అనబడు అవరోధము. దానిని ఓములలో కొలుతురు. అవరోధము తక్కువైనచో ఆవేశము వెంటనే జారిపోవును. హెచ్చైనచో చాలసేపు నిలుచును.

చిల్లుచెంబు ఉపమానముతో ఇది సులభముగా బోధపడును. చిల్లుచెంబులో నీరు మెల్లమెల్లగా పోసినచో పోసినది పోసినట్లే కాఱిపోవును, చెంబు నిండదు. గభాలున పోసి గభాలున ఒంపివేసినచో కాఱుటకు వ్యవధి లేదు, నీరు దక్కును. మంద్రస్వరము మెల్లగా పోసిన నీరు వంటిది. సెకనుకు కొలదిమార్లే కంపించును. తారస్వరము గభాలున పోసి ఒంపిన నీరు వంటిది. సెకనుకు వేలమార్లు కంపించును. కావున తక్కువ అవరోధముగల ద్వారమునకు పియెజోను తగిలించినపుడు మంద్రమంతయు కాఱిపోయి, తీగ మీద గోరు గీచిన చప్పుడు, మీటు దెబ్బ, కీచుదనము మాత్రమే మిగులును. రేకుడబ్బా మ్రోతకు మూలము ఇదియే. ధ్వని గట్టిగా లేదని వాల్యూము పెంచినచో ఆ కీచుదనమే పెరుగును. బేసు మీటను చివరివఱకు త్రిప్పినను ఫలము లేదు. కాఱిపోయిన నీటిని చెంబును వంచి రాబట్టలేము గదా!

ఎంత అవరోధము కావలెనో లెక్కించుట మార్కాపురపు పలక మీద వేయదగినంత చిన్న లెక్క. యాంప్లిఫయరు అవరోధమును మెగోములలోను, పికప్ కండెన్సరు విలువను నానోఫారడులలోను తీసికొని, ఆ రెంటిని గుణించి, వచ్చిన లబ్ధముతో 159ని భాగింపవలెను. వచ్చిన సంఖ్య ఒక హద్దు. సెకనుకు అన్నిమార్లు కంపించు స్వరము నూటికి 71 పాళ్ళు దక్కును. ఆ హద్దునకు ఎగువ స్వరములు ఇంచుమించు నిండుగా వచ్చును. దానికి చాల దిగువనున్న స్వరములు మాత్రము ఒక్కొక్క స్థాయి దిగినకొలది సగము సగము చొప్పున క్షీణించును.

గిటారు లావుతీగ, మామూలు శ్రుతిలో, సెకనుకు సుమారు 82 మార్లు కంపించును. జీను క్రింద పెట్టు సన్నని పికప్ విలువ ఒక నానోఫారడు అనుకొందము. దానిని 10,000 ఓముల లైను ద్వారమునకు, అనగా 0.01 మెగోమునకు, తగిలించినచో హద్దు 15,900 అగును. గిటారు స్వరములన్నియు ఆ హద్దునకు ఎంతో దిగువ నుండును. లావుతీగ మూలస్వరములో నూటికి ఇంచుమించు అరపాలు మాత్రమే మిగులును. సెకనుకు 5,000 మార్లు కంపించు కీచుదనము మాత్రము నూటికి 30 పాళ్ళు దక్కును. ఒక మెగోము ద్వారమునకు తగిలించినచో హద్దు 159కి దిగును. లావుతీగ ఇప్పటికిని సగమునకు కొంచెము తక్కువగా వినబడును. అయిదు మెగోములైనచో హద్దు 32. పది మెగోములైనచో 16. అప్పుడు గిటారు తన నిండు గొంతుతో పలుకును. యాంప్లిఫయరు మారలేదు, గిటారు మారలేదు. ద్వారము మాత్రమే మారినది.

ఇత్తడి బిళ్ళ మీద పింగాణి పూత పూసిన గుండ్రని పియెజో బిళ్ళలు బజారున చౌకగా దొరకును. కొందఱు ఔత్సాహికులు వానిని గిటారు పొట్టకు అంటించి వాడుదురు. సుమారు 27 మిల్లీమీటర్ల బిళ్ళ విలువ 20 నానోఫారడుల ప్రాంతమున ఉండును. ఒక మెగోము ద్వారమునకు దానిని తగిలించినచో హద్దు 8, అది చాలును. 10,000 ఓముల ద్వారమునకే తగిలించినచో హద్దు 795కు లేచును. అనగా పెద్దబిళ్ళకు కొంత వెసులుబాటు కలదు కాని మైకు ద్వారము దానికిని పనికిరాదు.

ఇక మైకుసెట్టు వెనుకనున్న రంధ్రములను చూడుడు. మిక్సరులలో మైకు అని వ్రాసియున్న ద్వారపు అవరోధము సామాన్యముగా కొలది వేల ఓములు. మైకులోని సన్నచుట్టకు అది తగినది. పియెజోకు ఎంతమాత్రమును తగదు. లైను ద్వారము సామాన్యముగా పదివేల ఓములు మొదలుకొని పైకి ఉండును. ఆక్సిలరీ అనునది యంత్రమునుబట్టి మారును. దాని విలువ యంత్రముతో వచ్చు పుస్తకమున వ్రాసియుండును. వాద్యములకని ప్రత్యేకించిన ద్వారము, గిటారు యాంప్లిఫయరు ద్వారము సామాన్యముగా ఒక మెగోము ఉండును. కొనుటకు ముందు వాట్లెన్నియని అడుగుట మనకు అలవాటు. పియెజో గిటారు గలవారు అంతకంటె ముందు ద్వారపు అవరోధమెంతయని అడుగవలెను.

రేడియో శ్రోతలకు ఒక పాత సంగతి జ్ఞప్తికి రావచ్చును. వాల్వు రేడియోల వెనుక గ్రామఫోను పికప్ కొఱకు రెండు రంధ్రములుండెడివి. స్ఫటికపు పికప్పునకు తగినట్లు ఆ ద్వారమును అరమెగోము, ఒక మెగోము అవరోధముతో నిర్మించెడివారు. ఆనాటి యింజనీర్లు రేడియోలోపలనే కుదిర్చిపెట్టిన పొందికను నేడు గిటారు కొఱకు మనమే వెలుపల కుదుర్చుకొనవలసి వచ్చినది. స్ఫటికము అదే, న్యాయమును అదే.

ఆ పొందిక కుదుర్చు సాధనమునకు ప్రీయాంప్లిఫయరు లేక బఫరు అని పేరు. అగ్గిపెట్టెయంత పలక మీద ఒక ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టరు, కొన్ని రెసిస్టరులు, రెండు మూడు కండెన్సరులు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ – ఇంతియే దాని సంభారము. అది పియెజో వైపు అయిదు పది మెగోముల అవరోధము చూపి ఆవేశమును జారనీయదు. యాంప్లిఫయరు వైపు కొలది వేల ఓముల బలమైన మూలముగా నిలుచును. అది చేయు పని ధ్వనిని పెంచుట కాదు. జారిపోకుండ కాపాడి అప్పగించుట. కొనినను వ్యయము స్వల్పము. చేయి తిరిగిన రేడియో మెకానిక్కు పూనుకొన్నచో ఇంటియొద్దనే చేసి యీయగలడు. అనేక గిటారులలో ఇది లోపలనే అమర్చబడియుండును. అట్టి గిటారు పలుచగా పలికినచో మొట్టమొదట బ్యాటరీని మార్చి చూడవలెను. వైరును గిటారులో గ్రుచ్చియుంచినంతసేపు పెక్కు గిటారులలో బ్యాటరీ ఖర్చగుచునే యుండును. వాయించుట ముగిసిన పిదప దానిని ఊడదీయుట మేలు.

బఫరును గిటారులోనో, గిటారు ప్రక్కనో ఉంచవలెను కాని యాంప్లిఫయరు వద్ద ఉంచరాదు. కవచముగల వైరు మీటరుకు సుమారు 100 పికోఫారడుల కండెన్సరు వలె నడుచును. పది మీటర్ల వైరు ఒక నానోఫారడు. అనగా పికప్పుతో సమానము. ఉన్న ఆవేశమును వైరు సగము పంచుకొనును, ధ్వని సగమగును. అంతియే కాక అంత హెచ్చు అవరోధముతో నున్న వైరు ట్యూబులైట్ల ఝుంకారమును, తన్ను త్రొక్కిన చప్పుడును గూడ పట్టుకొనును. కావున పియెజో నుండి బఫరు వఱకు జానెడు రెండు జానల కవచపు వైరు చాలును. బఫరు దాటిన పిమ్మట ఎంత పొడవైనను భయము లేదు. వైరు మాత్రము కవచము గలదై యుండవలెను. లౌడుస్పీకరుకు వాడు జంటవైరు ఇందుకు పనికిరాదు.

కొందఱు డీఐ పెట్టె అను పరికరమును వాడుదురు. అందు బ్యాటరీతో పనిలేని ట్రాన్స్‌ఫార్మరు పెట్టె యొకటి, విద్యుత్తుతో నడచు పెట్టె యొకటి అని రెండు జాతులు. మొదటిదాని అవరోధము సామాన్యముగా లక్షాముప్పది నలుబదివేల ఓములు. ఒక నానోఫారడు పికప్పునకు అది చాలదు. పలక మీది లెక్క ప్రకారము హద్దు వేయి దాటును. బఫరు తరువాత వాడినచో అదియే మిక్కిలి ఉపయోగకరము. రెండవజాతిలో ఒక మెగోము పెట్టెలును, పది మెగోముల పెట్టెలును ఉన్నవి. పియెజోకు పదియే శ్రేష్ఠము.

రెండు చెవులున్న ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేఱుగా చెప్పవలెను. అయస్కాంతపు పికప్పునకు గిటారులో అమర్చు వాల్యూము మీట రెండున్నర లక్షలో, అయిదు లక్షలో ఓములుండును. పియెజోను నేరుగా ఆ మీటకే అతికినచో మంద్రము కాఱిపోవును. అయస్కాంతపు పికప్ గూడ దానిని తన వైపు లాగి క్షీణింపజేయును. ముందు పియెజోకు బఫరు, పిదప రెంటి కలయిక – ఇది తప్పరాని క్రమము. రెండు గొంతులను కలిపినపుడు మంద్రము హఠాత్తుగా సన్నగిల్లినచో అవి ఎదురెదురుగా నడచుచున్నవని గ్రహించి, ఒకదాని తీగలను తాఱుమాఱు చేయవలెను. ఇందుకు కొన్ని బఫరులయందు ఫేజ్ అను మీట యుండును.

రెండు గొంతులకును ఒకే యాంప్లిఫయరు చాలునా? చాలును కాని సొంపు తగ్గును. గిటారు యాంప్లిఫయరులోని స్పీకరు సెకనుకు సుమారు 5,000 కంపనములు దాటిన ధ్వనిని వెంటనే తగ్గించివేయును. అయస్కాంతపు గొంతునకు అది మేలే, కరకుదనమును మాన్పును. పియెజో గొంతునకు మాత్రము ఆ పై భాగమే ప్రాణము. కనుక అయస్కాంతపు గొంతును గిటారు యాంప్లిఫయరుకును, పియెజో గొంతును మైకుసెట్టు లేక కీబోర్డు యాంప్లిఫయరువంటి నిండు శ్రేణి యంత్రమునకును పంపుట ఉత్తమము. ఇందుకొఱకే కొన్ని గిటారులలో స్టీరియో జాకు అమర్చియుందురు. ఒక కొన గిటారుకును, చీలిన రెండు కొనలు రెండు యంత్రములకును పోవు వైరు దానికి కావలెను. ఒకే యంత్రమున్నచో నిండు శ్రేణి యంత్రమునే ఎన్నుకొని, అయస్కాంతపు గొంతునకు హెచ్చుస్థాయిని కొంత తగ్గించుకొనుడు.

అన్నియు సరిగా కలిపిన పిదపగూడ పియెజో గొంతులో కొంత గడుసుదనము మిగులును. అది దాని స్వభావము. మనము చెవితో వాద్యమునకు దూరమునుండి వినుదుము, అది జీను క్రిందనుండి వినును. మిక్సరులో నడిమి స్వరములను, సెకనుకు వేయి మొదలు మూడువేల కంపనముల ప్రాంతమున, కొంచెము తగ్గించినచో అది మెత్తబడును. ఇక స్పీకరు ధ్వని వచ్చి గిటారు పొట్టను కదిపినచో పికప్ తన ధ్వనిని తానే మరల విని ఈల వేయును. స్పీకరులను వాద్యకారునికి ముందుగా, ప్రజలవైపు తిప్పి నిలుపుట దీనికి మొదటి మందు. డొల్లపొట్ట గిటారుకంటె గట్టికొయ్య గిటారులో ఈ బాధ తక్కువ.

ఇంతవఱకు చెప్పినది ధ్వని క్షేమము. ప్రాణ క్షేమమును గూర్చి చెప్పకున్నచో ఈ వ్యాసము అసంపూర్ణమగును. గిటారు తీగలు వైరు కవచము ద్వారా యాంప్లిఫయరు ఇనుపచట్టమునకు సామాన్యముగా కలిసియుండును. వాద్యకారుడు తీగలను పట్టుకొన్నాడన్నచో ఆ చట్టమును పట్టుకొన్నట్లే. అతని పెదవి ముందున్న మైకు వేఱొక యంత్రమునకు చెందియుండవచ్చును. రెండింటిలో ఒకదానికి ఎర్తు లేక, లోపల విద్యుత్తు చట్టమునకు తగిలియున్నచో, చేతికిని పెదవికిని నడుమ మెయిన్సు విద్యుత్తు గుండె మీదుగా ప్రవహించును. ఇది ఊహ కాదు. 1972 మే నెలలో వేల్సు దేశపు స్వాన్సీ పట్టణమున లెస్లీ హార్వీ అను స్కాట్లండు గిటారు వాద్యకారుడు వేదిక మీద మైకును తాకి విద్యుదాఘాతమున మరణించెను.

కావున మూడుకాళ్ళ ప్లగ్గులోని లావుకాలిని ఎన్నడును తీసివేయరాదు. రెండు యంత్రములను కలిపినపుడు ఝుంకారము పుట్టుట కలదు. అప్పుడు ఎర్తు కాలు విఱిచినచో ఝుంకారము పోవుననుట నిజమే కాని, దానితో రక్షణయు పోవును. అట్టి ఝుంకారమునకు మందు పైని చెప్పిన ట్రాన్స్‌ఫార్మరు డీఐ పెట్టెయే. బఫరు తరువాత దానిని నిలిపి, ధ్వనితీగలో మాత్రమే ఎడబాటు కల్పింపవలెను. రెండు యంత్రములను ఎర్తు సరిగా ఉన్న ఒకే బోర్డు నుండి నడుపుడు. పందిళ్ళలో, జనరేటరుతో నడుపునపుడు, 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే తెగిపోవు ఆర్.సి.సి.బి. అను స్విచ్చి ఉన్నదో లేదో విచారింపుడు. తడికాళ్ళతో, తడినేల మీద నిలిచి వాయింపరాదు. మైకు పెదవికి తగిలి జివ్వుమన్నచో అది హెచ్చరిక. పాట మధ్యలోనైనను ఆపి, మెయిన్సు తీయించి, ఎలక్ట్రీషియనుకు చూపవలెను. పాట మరల పాడవచ్చును.

తాతలనాటి వాల్వు రేడియోను పదిలపఱచుకొన్న ఇండ్లవారికి ఒక ప్రత్యేక విన్నపము. దాని వెనుక పికప్ రంధ్రములున్నవి గదాయని గిటారును అందు తగిలింపకుడు. ఆనాడు ఏసీ, డీసీ రెండింటి మీదను నడచుటకు చేసిన సెట్లలో మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు లేదు. వాని ఇనుపచట్టము మెయిన్సు తీగ ఒకదానికి నేరుగా కలిసియుండును. కాలము తీరిన కండెన్సరొకటి చెడినను గిటారు తీగలకు మెయిన్సు విద్యుత్తు చేరవచ్చును. గ్రామఫోను చేయిని ఎబొనైటుతోనో బేకలైటుతోనో కప్పియుంచిరి. గిటారు తీగలు ఒట్టి చేతికి తగులుచుండును. ఈ భేదము చిన్నది కాదు.

కలుపు క్రమమునుగూడ ఇచ్చట చెప్పుట ఉచితము. వాల్యూములన్నియు సున్నకు దించి, మొదట వైరును బఫరునుండి యంత్రమునకు గ్రుచ్చి, పిదప గిటారుకు గ్రుచ్చి, ఆ పిమ్మట యంత్రమును వెలిగింపవలెను. గిటారును గట్టిగా మీటుచు, ధ్వని చిట్లకుండునంతవఱకే మొదటి వాల్యూమును పెంచి, తరువాత పెద్ద వాల్యూమును తగినంత పెంచుకొనవలెను. ఆపునపుడు ముందుగా యంత్రమును ఆపి, పిదప వైరు తీయవలెను. లేనిచో పెద్ద చప్పుడుతో స్పీకరు చెడు ప్రమాదము కలదు.

ఇది గిటారుకు మాత్రమే చెందిన విద్య కాదు. పనసకొయ్యతో చేసిన బొబ్బిలి వీణకు, నూజివీటి వీణకు కాంటాక్టు మైకు అంటించి వాయించువారు పెక్కుమంది కలరు. ఆ కాంటాక్టు మైకులలో అనేకము పియెజోలే. ఇత్తడితీగను అయస్కాంతము సరిగా పట్టజాలదు. ఒత్తిడిని వినునట్టి పియెజోకు ఉక్కనియు, ఇత్తడియనియు భేదము లేదు. వీణలోని మంద్రతీగల గాంభీర్యము సభలో వినబడక, మీటు చప్పుడు మాత్రమే వినబడినపుడు శ్రోతలు వాద్యకారుని నిందింతురు. నిందింపవలసినది ఆయనను కాదు. నడుమ లేకపోయిన బఫరును. పాలకొల్లున 1969లో జన్మించి, ఎలక్ట్రిక్ మాండొలినును కర్ణాటక సంగీత సభలలో ప్రతిష్ఠించి, 2014లో దివంగతుడైన యు. శ్రీనివాస్ వాద్యమును విన్నవారికి, విద్యుత్తు గమకమును చంపదని వేఱుగ చెప్పనక్కఱలేదు. పొందిక కుదిరినచో విద్యుత్తు వాద్యమునకు సేవకురాలు.

కనుక పియెజో గిటారు పలుచగా పలుకుచున్నదని పిల్లవాడు మొగము చిన్నబుచ్చుకొన్నపుడు క్రొత్త యాంప్లిఫయరు కొఱకు అప్పు చేయకుడు. మొదట బ్యాటరీని చూడుడు. పిదప ఏ రంధ్రములో వైరు గ్రుచ్చినాడో చూడుడు. ఆపైని పలక తీసికొని 159ని భాగింపుడు. ఆ లెక్కలో వచ్చిన హద్దు ఎనుబదికంటె మిక్కిలి హెచ్చుగా ఉన్నచో కావలసినది పెద్ద యంత్రము కాదు, చిన్న బఫరు. ఎర్తు మాత్రము లెక్కతో పనిలేకుండ, ఎల్లప్పుడును ఉండవలెను.